గ్రాములే, కానీ దేని గ్రాములు?

తిరుపతిలో ఇంటర్ మొదటి సంవత్సరం ఎంపీసీ చదివే అమ్మాయి గురించి వాళ్ల నాన్న అడిగారు. ఫార్ములాలన్నీ నోటికి వచ్చు, అయినా కెమిస్ట్రీ లెక్క చేస్తే జవాబు వెయ్యి రెట్లు ఎక్కువో తక్కువో వస్తోందట. ప్రాక్టికల్ రికార్డులో బ్యూరెట్ (ద్రావణాన్ని చుక్క చుక్కగా వదిలే గీతల గొట్టం) రీడింగుల సగటు 20.13333 అని రాస్తే లెక్చరర్ ఎర్ర సిరాతో సున్నా చుట్టారట. యూనిట్ల మార్పిడి, రీడింగుల విశ్లేషణ ఇంట్లో ఎలా ప్రాక్టీస్ చేయించాలన్నది ఆయన ప్రశ్న.

ఈ రెండూ రెండు జబ్బులు కావండి. సంఖ్యను ఒంటరిగా రాసే అలవాటే రెండిటికీ మూలం. 250 అని రాస్తుంది గానీ 250 ఏమిటో, దేనిదో పక్కన ఉండదు. ఫార్ములా ఎంత బాగా వచ్చినా ఆ లోటు తీరదు. కాబట్టి మొదటి రెండు వారాలు కొత్త లెక్కలు వద్దు. పాత నోట్‌బుక్‌లో చేసిన లెక్కలే తీసి, ప్రతి సంఖ్య పక్కన రెండు ముక్కలు రాయించండి: యూనిట్, పదార్థం పేరు. "1.18 గ్రా." అని కాకుండా "1.18 గ్రా. ద్రావణం" అని. విసుగు పుడుతుంది, కానీ తప్పు ఎక్కడ దొర్లుతోందో రెండో రోజుకే మీకూ కనబడుతుంది.

పదార్థం పేరు ఎందుకంటే, బంగారం దగ్గర మొదలుపెట్టండి. మన వైపు సవర అంటే 8 గ్రాములని ఇంట్లో అందరికీ తెలుసు. ఒక సవర గొలుసులో బంగారం పరమాణువులు ఎన్ని అని అడగండి. చాలామంది పిల్లలు 8 ని 197 తో (ఒక మోల్ బంగారం బరువు, గ్రాముల్లో) భాగించి, అవగాడ్రో సంఖ్యతో (ఒక మోల్‌లో ఉండే పరమాణువులు, 6.022 × 10²³) గుణించి 2.45 × 10²² అంటారు. గొలుసు మీద 916 ముద్ర ఉంటుంది కదా? 22 క్యారెట్లంటే 24 పాళ్లలో 22 పాళ్లే బంగారం, మిగతాది రాగి, వెండి లాంటివి. 8 గ్రా. గొలుసు × (22 గ్రా. బంగారం ÷ 24 గ్రా. గొలుసు) = 7.33 గ్రా. బంగారం. దాన్ని 197 తో భాగిస్తే 0.0372 మోల్, అంటే 2.24 × 10²² పరమాణువులు. గొలుసు గ్రాము వేరు, బంగారం గ్రాము వేరు. పైనా కిందా "గ్రా." కనబడింది కదా అని కొట్టేయకూడదు. పదార్థం కూడా ఒకటైతేనే కొట్టేయాలి.

ఇదే మెలిక గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం లెక్కలో వస్తుంది, మార్కులు పోయేది ఎక్కువగా అక్కడే. సీసా మీద బరువులో 37 శాతం అనీ, సాంద్రత మి.లీ.కి 1.18 గ్రా. అనీ ఉంటుంది. మోలారిటీ కావాలి. ఇలా గొలుసుకట్టుగా రాయించండి:

1000 మి.లీ. ద్రావణం × (1.18 గ్రా. ద్రావణం ÷ 1 మి.లీ. ద్రావణం) = 1180 గ్రా. ద్రావణం
1180 గ్రా. ద్రావణం × (37 గ్రా. ఆమ్లం ÷ 100 గ్రా. ద్రావణం) = 436.6 గ్రా. ఆమ్లం
436.6 గ్రా. ఆమ్లం × (1 మోల్ ÷ 36.5 గ్రా. ఆమ్లం) = దాదాపు 12 మోల్

లీటరుకు 12 మోల్, అంటే 12 మోలార్. సాంద్రత ద్రావణానిది, శాతం ఆమ్లానిది. పేర్లు రాయని పిల్లలు 37 ని నేరుగా 36.5 తో భాగించి, ఒకటికి కాస్త ఎక్కువ మోలార్ అని తేల్చేస్తారు. ఇదే గొలుసులో 98 శాతం, 1.84 సాంద్రత ఉన్న సల్ఫ్యూరిక్ ఆమ్లం పెట్టి చూడమనండి. 18.4 మోలార్ రావాలి.

ఇక వెయ్యి రెట్ల తప్పు. అది దాదాపు ఎప్పుడూ మిల్లీలీటర్లను లీటర్లలోకి మార్చకపోవడం వల్లే. పై ఆమ్లంతో 0.1 మోలార్ ద్రావణం 250 మి.లీ. చేయాలి. 0.1 × 0.250 = 0.025 మోల్ కావాలి. 12 తో భాగిస్తే 0.0021 లీటరు, అంటే సుమారు 2.1 మి.లీ. గాఢ ఆమ్లం. 250 ని అలాగే పెట్టేస్తే 25 మోల్, దాంతో 2.1 లీటర్ల ఆమ్లం అని వస్తుంది. పావు లీటరు ఫ్లాస్కులో రెండు లీటర్ల ఆమ్లం ఎలా పోస్తావమ్మా అని అడగండి చాలు. (నిజంగా చేసేటప్పుడు నీళ్లలోకి ఆమ్లం పోయాలి, ఆమ్లంలోకి నీళ్లు కాదు. పొగలు పోయే ఆమ్లం కాబట్టి సీసా మీది శాతాన్ని నమ్ముకోకుండా, తయారైన ద్రావణం అసలు గాఢతను సోడియం కార్బొనేట్‌తో తేల్చుకోవాలి.)

అందుకే ప్రతి లెక్కకు ముందు ఒక పంక్తి అంచనా రాయించండి. "కొన్ని మి.లీ. రావాలి", "ఒకటి కంటే తక్కువ మోల్ రావాలి", అంతే. తర్వాత వచ్చిన జవాబు దానికి దూరంగా ఉంటే గొలుసులో ఒక లంకె తెగినట్టే. పదిహేను సెకన్ల పని. ఫార్ములాల పట్టీ గోడకు అంటించడం కంటే ఇది ఎక్కువ మార్కులు కాపాడుతుంది.

ఘనపరిమాణం దగ్గర ఇంకో గుంట ఉంది. మీటరుకు 100 సెంటీమీటర్లు కాబట్టి ఘనపు మీటరుకు 100 ఘనపు సెంటీమీటర్లని రాసేస్తారు. మిద్దె మీద వెయ్యి లీటర్ల నీళ్ల ట్యాంకు ఉంటే దాన్ని చూపించండి. దాంట్లో పట్టేది సరిగ్గా ఒక ఘనపు మీటరు. లీటరుకు 1000 ఘనపు సెంటీమీటర్లు, అలాంటివి వెయ్యి, మొత్తం 10 లక్షలు. 100 ను మూడుసార్లు గుణించాలన్న మాట అప్పుడు కళ్లకు కడుతుంది. ఉష్ణోగ్రత సంగతి చిన్నది: సెల్సియస్‌కు 273 కలిపితే కెల్విన్, కానీ ఉష్ణోగ్రతల తేడాకు మాత్రం ఏమీ కలపకూడదు. 30 నుంచి 40 డిగ్రీలకు పెరిగితే తేడా 10 కెల్విన్‌లే, 283 కాదు.

మోల్ నిష్పత్తులకు తిరుపతిలో దిట్టం (ఏ సరుకు ఎంత వేయాలో చెప్పే కొలతల పట్టీ) కంటే మంచి పాఠం దొరకదు. శ్రీవారి లడ్డూల దిట్టంలో 5,100 లడ్డూలకు శనగపిండి 180 కిలోలు, నెయ్యి 165 కిలోలు, చక్కెర 400 కిలోలు, జీడిపప్పు 30, కిస్‌మిస్ 16, కలకండ 8, యాలకులు 4 కిలోలు అని పత్రికల్లో వచ్చింది. మొత్తం 803 కిలోలు. లడ్డూకు నెయ్యి ఎంత? 165 కిలోలు ÷ 5,100, అంటే సుమారు 32 గ్రాములు. ఇప్పుడు అసలు ప్రశ్న: పోటులో (లడ్డూలు చేసే వంటశాలలో) పిండి 150 కిలోలు, నెయ్యి 145 కిలోలు ఉన్నాయి, మిగతావి కావలసినన్ని. ముందు ఏది అయిపోతుంది? నెయ్యి తక్కువ ఉంది కాబట్టి నెయ్యే అంటారు పిల్లలు. 150 ÷ 180 = 0.833, 145 ÷ 165 = 0.879. పిండే ముందు అయిపోతుంది, 4,250 లడ్డూల దగ్గర ఆగిపోతాం. పరిమిత క్రియాజనకం అంటే ఇదే. ఏది తక్కువ బరువుందో కాదు, తన దిట్టంతో పోలిస్తే ఏది తక్కువుందో చూడాలి. వెంటనే 4 గ్రా. హైడ్రోజన్, 24 గ్రా. ఆక్సిజన్ ఇచ్చి నీరెంత వస్తుందో అడగండి. హైడ్రోజన్ 2 మోల్, ఆక్సిజన్ 0.75 మోల్. సమీకరణంలో దిట్టం 2 కు 1. ఆరు రెట్లు బరువున్న ఆక్సిజనే ముందు అయిపోయి 27 గ్రాముల నీరు వస్తుంది.

స్ఫటిక జలం గురించి ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. ఆక్సాలిక్ ఆమ్లం సీసాలో ఉండేది రెండు నీటి అణువులతో ఉన్న స్ఫటికం, దాని మోలార్ ద్రవ్యరాశి 126. పుస్తకంలో ఫార్ములా చూసి 90 వేసుకుంటే, 250 మి.లీ. 0.05 మోలార్‌కు 1.576 గ్రా. తూచాల్సింది 1.125 గ్రా. తూస్తారు. ద్రావణం 0.036 మోలార్ దగ్గర పడుతుంది, ఆ తర్వాత పర్మాంగనేట్‌తో టైట్రేషన్ (గాఢత తెలిసిన ద్రావణంతో తెలియనిదాని గాఢత కనుక్కోవడం) ఎంత శ్రద్ధగా చేసినా ఫలితం 40 శాతం దాకా తప్పుతుంది. సీసా లేబుల్ మీది ద్రవ్యరాశినే రికార్డులో రాయమనండి.

రీడింగుల సంగతికి వద్దాం, ఇక్కడ కాస్త ఆగాలి.

కాలేజీ ల్యాబుల్లో మామూలుగా ఉండే 50 మి.లీ. బ్యూరెట్‌లో చిన్న గీత 0.1 మి.లీ. ఒక చుక్క సుమారు 0.05 మి.లీ. అలాంటి పరికరంతో 20.13333 చదవడం కుదరదు. కాలిక్యులేటర్ ఇచ్చిన అంకెలు పరికరం ఇచ్చినవి కావు, లెక్చరర్ సున్నా చుట్టింది అందుకే. 20.1, 20.1, 20.2 వస్తే సగటు 20.1 మి.లీ. అని రాయాలి. మొదటిసారి తొందరగా చేసి చూసుకునే రీడింగును సగటులో కలపకూడదు. ఒకదానికొకటి 0.1 మి.లీ. లోపు ఉన్నవే ఏకీభవించే రీడింగులు. అవి దొరికేదాకా చేయాలి గానీ, దొరకలేదని 20.6 ను 20.2 గా దిద్దకూడదు. పర్మాంగనేట్ లాంటి ముదురు రంగు ద్రావణానికి కింది వంపు కనబడదు కాబట్టి పై అంచు చదవాలి, మొదటి రీడింగూ చివరి రీడింగూ రెండూ పై అంచునే. ఒకటి పైన, ఒకటి కింద చదివితే అన్ని రీడింగులూ ఒకే రకంగా తప్పుతాయి. అప్పుడు అవి ఒకదానితో ఒకటి చక్కగా కలుస్తాయి కూడా, అదే ప్రమాదం. రీడింగులు కలవడం వేరు, నిజం కావడం వేరు.

దీనికి మంచి ప్రాజెక్టు బోరు నీళ్ల కఠినత్వం. తిరుపతిలో గీజరుకు, కుళాయి మూతికి తెల్లగా పొలుసు కట్టని ఇల్లు వెతకాలి, కాబట్టి నమూనాకు కొదవ లేదు. కాలేజీ ల్యాబులో, లెక్చరర్ దగ్గరుండగా చేయాలి. 50 మి.లీ. నీటిని పిపెట్‌తో కోనికల్ ఫ్లాస్కులోకి తీసుకుని, అమ్మోనియా, అమ్మోనియం క్లోరైడ్ కలిపిన బఫర్ 1 నుంచి 2 మి.లీ. పోసి పీహెచ్ 10 కు తేవాలి. ఎరియోక్రోమ్ బ్లాక్ టీ సూచిక చిటికెడు వేస్తే ద్రాక్ష ఎరుపు వస్తుంది. 0.0100 మోలార్ ఈడీటీఏతో (కాల్షియం, మెగ్నీషియం అయాన్లను పట్టుకునే పదార్థం) టైట్రేట్ చేస్తూ, ఎరుపు ఛాయ పూర్తిగా పోయి నీలం తేలగానే ఆపాలి. చివర్లో చర్య నెమ్మదిస్తుంది, చుక్కకు చుక్కకు మధ్య కొన్ని సెకన్లు ఆగాలి. బఫర్ సీసా మూత సరిగా లేక అమ్మోనియా ఎగిరిపోయి ఉంటే పీహెచ్ పడిపోతుంది, రంగు ఒక్క చుక్కలో మారకుండా ఊదాలో నానుతూ ఉంటుంది. పిల్లలు దాన్ని తమ కళ్ల లోపం అనుకుంటారు. ముందు బఫర్ మార్చి చూడాలి.

రీడింగులు 21.4, 20.7, 20.8, 20.7 మి.లీ. అనుకుందాం. మొదటిది వదిలేస్తే సగటు 20.7. గొలుసు ఇలా:

20.7 మి.లీ. ఈడీటీఏ × (0.0100 మిల్లీమోల్ ఈడీటీఏ ÷ 1 మి.లీ. ఈడీటీఏ) = 0.207 మిల్లీమోల్ ఈడీటీఏ
ఈడీటీఏ, కాల్షియం ఒకటికి ఒకటి, కాబట్టి 0.207 మిల్లీమోల్ కాల్షియం కార్బొనేట్
0.207 మిల్లీమోల్ × (100 మి.గ్రా. ÷ 1 మిల్లీమోల్) = 20.7 మి.గ్రా., 50 మి.లీ. నీటిలో
లీటరుకు 20 రెట్లు, అంటే 414 మి.గ్రా.

నీటిలో ఉన్నది నిజంగా అంత కాల్షియం కార్బొనేట్ కాదని కూడా రాయాలి. కాల్షియం, మెగ్నీషియం రెండిటినీ కలిపి ఆ లెక్కలో చెప్పుకోవడం ఆనవాయితీ. మిల్లీమోల్‌ను మి.లీ.తో నేరుగా వాడితే లీటరులోకి మార్చే పనే తప్పుతుంది, నన్నడిగితే టైట్రేషన్ లెక్కలన్నీ ఇలాగే నేర్పాలి.

ఇప్పుడు విశ్లేషణ. బ్యూరెట్‌లో 0.1 మి.లీ. తేడా జవాబులో లీటరుకు 2 మి.గ్రా. తేడా అవుతుంది. కాబట్టి 414.67 అని రాయడానికి అర్హత లేదు, 414 కు అటూ ఇటూ 2 అనుకోవాలి. భారతీయ ప్రమాణాల సంస్థ తాగునీటి ప్రమాణంలో ఆమోదయోగ్యమైన హద్దు లీటరుకు 200 మి.గ్రా., వేరే నీటి వనరు లేనప్పుడు 600 దాకా. మన నీళ్లు ఆ రెండిటి మధ్య ఉన్నాయి. పక్కవీధి బోరులో 417 వచ్చిందనుకోండి, ఆ నీళ్లు ఎక్కువ కఠినమని రాయకూడదు, ఆ తేడా కొలతలోనే పోతుంది. 480 వస్తే ధైర్యంగా రాయొచ్చు. ఈ ఒక్క వాక్యం సొంతంగా రాయగలిగితే డేటా విశ్లేషణ సగం వచ్చినట్టే.

మిగతా సగం గ్రాఫు. సోడియం థయోసల్ఫేట్, హైడ్రోక్లోరిక్ ఆమ్లం ప్రయోగం తీసుకోండి, ఫ్లాస్కు కింద కాగితం మీది గుర్తు గంధకపు తెల్లదనంలో మాయమయ్యే సమయం కొలిచేది. థయోసల్ఫేట్ 50, 40, 30, 20, 10 మి.లీ., ప్రతిదాన్నీ నీళ్లతో 50 కి నింపి, ఒకే పరిమాణంలో ఆమ్లం పోస్తే సమయాలు 24, 30, 41, 61, 125 సెకన్లు వచ్చాయనుకుందాం. సమయాన్ని నేరుగా గీస్తే వంపు వస్తుంది, దాంతో ఏం చెప్పాలో తోచదు. 1 ÷ సమయం తీయండి: 0.042, 0.033, 0.024, 0.016, 0.0080. ఇవి థయోసల్ఫేట్ పరిమాణానికి ఎదురుగా దాదాపు సరళరేఖలో పడతాయి, అంటే వేగం గాఢతకు అనులోమానుపాతంలో ఉంది. అక్షం మీద "1 ÷ సమయం" అని రాసి ఊరుకోవద్దు, యూనిట్ "సెకనుకు" అని రాయాలి. చుక్కలన్నిటినీ కలుపుతూ వంకర గీత గీయడం పెద్ద తప్పు. స్కేలు పెట్టి, చుక్కలు గీతకు పైనా కిందా సమంగా పడేలా ఒకే గీత గీయాలి. వాలు కనుక్కోవడానికి గీత మీది రెండు దూరపు బిందువులు తీసుకోవాలి, పట్టికలోని రీడింగులు కాదు.

మన ఊరి వేసవి ఈ ప్రయోగాన్ని పాడు చేస్తుంది. ఈ చర్య వేగం పది డిగ్రీలకు ఇంచుమించు రెట్టింపవుతుంది. సగం రీడింగులు ఉదయం 28 డిగ్రీల దగ్గర, మిగతావి మధ్యాహ్నం 38 దగ్గర తీస్తే చుక్కలు రెండు గీతల మీద పడతాయి. అయిదూ ఒకే పూట, ఒకే బకెట్ నీళ్లలో సీసాలు ఉంచి చేయాలి. ఉష్ణోగ్రత పట్టిక పైన రాయాలి.

వాయువుల లెక్కల్లోనూ మన ఎండ అడ్డొస్తుంది. 22.4 లీటర్లు 0 డిగ్రీలు, 1 అట్మాస్ఫియర్ దగ్గరి సంఖ్య. (1982 లో ఐయూపీఏసీ ప్రామాణిక పీడనాన్ని 1 బార్‌కు మార్చాక అది 22.7. ప్రశ్నలో ఏ పీడనం ఇచ్చారో చూసి వాడాలి.) 40 డిగ్రీల గదిలో 1 అట్మాస్ఫియర్ దగ్గర మోల్ వాయువు 25.7 లీటర్లు. 0.024 గ్రా. మెగ్నీషియం తీగను ఆమ్లంలో వేసి హైడ్రోజన్‌ను నీటి మీద పట్టారనుకోండి. 22.4 తో లెక్కిస్తే 22.1 మి.లీ. రావాలి, 25.7 తో 25.4 మి.లీ. పైగా 40 డిగ్రీల దగ్గర నీటి ఆవిరి పీడనం సుమారు 55 మి.మీ. పాదరసం, దాన్ని 760 లోంచి తీసేస్తే 27 మి.లీ. దాటుతుంది. గొట్టంలో 27 చూసి, పుస్తకంలో 22 చూసి, రీడింగు తప్పు చదివానని దిద్దేసేవాళ్లు చాలామంది. దిద్దాల్సింది రీడింగు కాదు, దాని పక్కన రాయని ఉష్ణోగ్రత.

రోజుకు ఇరవై నిమిషాలు చాలు. మొదటి వారం మార్పిడులు మాత్రమే, రెండు వైపులా: మి.గ్రా. నుంచి కిలోలకు, మళ్లీ వెనక్కి. రెండో వారం సాంద్రత, శాతం, మోల్ గొలుసులు. మూడో వారం నుంచి మీరే ఒక లెక్కను ఒకచోట తప్పుగా చేసి ఇవ్వండి, ఎక్కడ తప్పిందో ఆమె వెతకాలి. ఒట్టి లెక్కలు చేయడం కంటే తప్పు పట్టుకోవడం పిల్లలకు ఇష్టం, ఫలితమూ ఎక్కువ. కాలిక్యులేటర్ మొదటి రెండు వారాలు ముట్టుకోనివ్వకండి. ఎలాగూ ఈఏపీసెట్‌లో దాన్ని లోపలికి రానివ్వరు. తర్వాత ఇచ్చినా, భాగహారంలో గీత కింద రెండు సంఖ్యలు ఉన్నప్పుడు బ్రాకెట్ పెట్టకుండా నొక్కితే రెండోది భాగించడానికి బదులు గుణిస్తుందని చూపించి ఇవ్వండి. రికార్డును మాత్రం ల్యాబులోనే, పెన్నుతో, తీసిన రీడింగు తీసినట్టు రాయించండి. పెన్సిల్‌తో రాసి ఇంటికొచ్చి ఫెయిర్ చేసే అలవాటుంటే ఈ వారమే మాన్పించండి, రీడింగులు అందంగా కలిసిపోయేది ఆ ఫెయిర్ చేసేటప్పుడే.